అల్జియా అక్క నీటి చేను

మా అల్జియా అక్క గురించి ఎవర్నడిగినా మంచిది అని ముందు అనరు. మొండిది అంటారు. నేనూ అదే అంటాను. తోడికోడల్ని కాబట్టి ఆ మాట అనే హక్కు ఊళ్ళో అందరికంటే నాకే ఎక్కువుంది. ఆవిడ ఆ ఇంటి పెద్దబ్బాయి మొస్బాహ్‌ని చేసుకుంది, నేను చిన్నబ్బాయి ఫ్రేజ్‌ని. వచ్చిన కొత్తలో గోధుమరవ్వ కుస్కుసులో ఉప్పు చాల్లేదని మా అత్తగారు సణిగితే నేను మూల కూర్చుని ముక్కు చీదేదాన్ని. అల్జియా అక్క అలా కాదు. ఉప్పు డబ్బా తెచ్చి అత్తగారి కంచం పక్కన ఠపీమని పెట్టి, "మీ చేత్తోనే వేసుకోండత్తా, మీ కొలత మాకేం తెలుస్తుంది?" అనేసి తన పని చూసుకునేది.

మా అట్టయా లంక మీద ఊరు, ఇక్కడ ఎవరికైనా నేల మీద ఉండేది చారెడే. ఆస్తంతా నీళ్ళలోనే. నడుంలోతు సముద్రంలో ఖర్జూర మట్టలు వరసగా పాతి దడి కడతాం. ఆటుకి నీరు వెనక్కి తీసేటప్పుడు చేపలు ఆ దడి వెంట తోవ వెతుక్కుంటూ వచ్చి, చివర్న కట్టిన గదిలో దూరి, అక్కడి బుట్టల్లో పడతాయి. ఎండాకాలం దడి ఉండదు, సముద్రాన్ని వదిలేస్తాం. ఎండలు తగ్గాక మళ్ళీ కొత్త మట్టలు కొట్టుకొచ్చి అదే చోట నాటుకుంటాం. పొలానికి గట్లున్నట్టే ఈ నీటి చేలకీ హద్దులున్నాయి. మా మామగారి చేను గ్రెందీ లంకకి ఇవతల ఉంది. ఆయన పోయాక కొడుకులిద్దరికీ చెరి సగం వచ్చింది.

మొస్బాహ్ బావగారు నడివయసులోనే గుండె ఆగి పోయారు. పిల్లల్లేరు. మా ఆయన వదిన దగ్గరికెళ్ళి, "నీ దడి కూడా నేనే నాటుతాలే వదినా, పడ్డదాంట్లో సగం ఇంటికి తెచ్చిస్తా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఎవరైనా హమ్మయ్య అనుకుంటారు కదా! ఈవిడ బుట్ట అల్లుతున్న చెయ్యి ఆపకుండానే, "చెయ్యి చాచి తీసుకున్న చేప నా గొంతు దిగదు ఫ్రేజ్. నాటడం నేర్పించు, చాలు" అంది.

ఆడవాళ్ళు బుట్టలల్లడం ఉంది, ఒడ్డు వెంట ఆక్టోపస్‌లు పట్టడం ఉంది. దడి నాటడం మాత్రం మా ఊళ్ళో ఏ ఆడదీ చెయ్యలేదు. గునపంతో అడుగులో కన్నం పొడవాలి, మట్ట మొదలు అందులో దింపాలి, కాలితో మట్టి తొక్కాలి, మళ్ళీ అడుగు జరగాలి. ఒడ్డున నిలబడి మగాళ్ళు ఎన్ని కూతలు కూశారనీ! "ఏం ఫ్రేజ్, ఈ ఏడు మీ వదినకి గడ్డం కూడా తెప్పిస్తావా?" అని హాజీ షాబానే అన్నాడు, పెద్దమనిషై ఉండి. మా ఆయన నీళ్ళలోంచే అరిచాడు. "నీ దడి వంకర పోతే సరిచెయ్యడానికి పిలుస్తావు చూడు, అప్పుడు గడ్డంతోనే వస్తుందిలే హాజీ!" ఆ చలినీళ్ళలో అల్జియా అక్క పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, అయినా నవ్వింది. అప్పటికి మొగుడు పోయి ఏడాది కాలేదు.

అలా మొదలెట్టిన మనిషి, ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా మానలేదు. మోకాళ్ళు వాచినా మానలేదు. తన దడిలో పడ్డదే తిని, ఎండబెట్టిన ఆక్టోపస్‌లు ఇంటి ముందు తీగ మీద వేలాడదీసి, మిగిలింది అమ్ముకుని బతికింది. ఆ చేను తప్ప ఆవిడకి ఈ లోకంలో నాది అని చెప్పుకోడానికి ఇంకోటి లేదు.

ఇక అసలు సంగతికొస్తాను.

లంకల చుట్టూ ఉన్న సముద్రాన్ని రక్షిత ప్రాంతం చేస్తున్నారని కొన్నేళ్ళుగా వింటున్నాం. నాకైతే సంతోషమే. ఇంజన్ పడవలు వేసుకొచ్చి అడుగంతా గోక్కుపోయే దొంగలున్నారు చూశారూ, వాళ్ళ వలలు సముద్రపు గడ్డిని వేళ్ళతో సహా పెకలిస్తున్నాయి. ఆ గడ్డి లేకపోతే చేపపిల్ల ఎక్కడ దాక్కుంటుంది? వాళ్ళని ఆపితే అల్లా మేలు చేస్తాడు. ఆ పని మీద సఫాక్స్ పట్నం నించి నజీహా అనే అమ్మాయి వచ్చింది. మర్యాద తెలిసిన పిల్ల. రేవు దగ్గర కాఫీ కొట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "మీ దడులకేం భయం లేదు, అవి ఉండాల్సిందే. కానీ ఈసారి ఎవరి దడి ఎక్కడ నిలబడి ఉంటే దాన్నలాగే మ్యాపులోకి ఎక్కిస్తాం. ఆ తర్వాత కొత్తది కట్టడానికి లేదు, ఉన్నది జరపడానికీ లేదు. కాబట్టి జాగ్రత్తగా నాటుకోండి" అంది.

జాగ్రత్తగా నాటుకోడానికి మాకో పద్ధతుంది. హద్దు బండ దగ్గర పడవ ఆపి ఒడ్డుకేసి చూడాలి. ప్రతి చేనుకీ ఒక గుర్తు చెట్టుంటుంది. మా చేనుకి ఒక ఖర్జూరం. ఆ చెట్టూ, దాని వెనకాల దర్గా తెల్ల గుమ్మటం ఒకే గీతలోకి వచ్చాయంటే అక్కణ్ణించి దడి మొదలెట్టొచ్చు. కాకపోతే ఈమధ్య ఉప్పునీరు పైకెక్కి చెట్లు చచ్చిపోతున్నాయి. మా గుర్తు చెట్టుకీ తల రాలిపోయింది, మోడు మాత్రం నిలబడుంది. దానికి కాస్త అవతల ఇంకోటి పచ్చగానే ఉంది.

మా ఆయన ఎప్పట్లాగే ముందు నాటాడు. ఆయన్ని ఊరంతా రాయిస్ అంటారు, అంటే పడవకి పెద్ద. గీత దగ్గర ఎవరికి అనుమానమొచ్చినా ఆయన్నే పిలుస్తారు. నాటేసి వచ్చి, టీ తాగి, కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. మర్నాడు అల్జియా అక్క పడవ నిండా మట్టలేసుకుని వెళ్ళింది. వెళ్ళినంతసేపు పట్టలేదు, ఆ మట్టలతోనే తిరిగొచ్చేసింది. పెరట్లో దించుకుని చేతులు దులుపుకుంది. "ఏమైందక్కా?" అంటే, "నడుం పట్టేసింది" అంది.

నడుం పట్టేస్తే ఆ మొండిది ఆగుతుందా? నాకు అనుమానమొచ్చి, నీరు తీసిన వేళకి ఒడ్డుకెళ్ళి చూశాను. మా దడి ఉండాల్సిన చోట లేదు. పక్కకి తిరిగిపోయి, అల్జియా అక్క చేను ముందు అడ్డంగా నిలబడుంది. చేప వచ్చే దారంతా మూసుకుపోయింది.

ఇంటికొచ్చి ఎగిరాను. "ఏవయ్యా, వదిన గుమ్మానికి అడ్డంగా గోడ కడతావా? బుద్ధుందా నీకు?"

"ఏం వాగుతున్నావే?"

"దడి వంకరపోయింది!"

"మా నాన్న చూపించిన గీత అది. చిన్నప్పట్నించీ నాటుతున్నాను. రేవు గట్టు దిగని దానివి, నువ్వు నాకు చెప్తావా?" అని గ్లాసు విసురుగా కింద పెట్టబోయాడు. అది పీట మీద కాకుండా పక్కన పడి పగిలింది. కోపంలో పడేశాడనుకున్నాను.

ఒకరు నాటిన మట్టని ఇంకొకరు పీకడం మా దగ్గర లేదు. అన్నదమ్ములైనా సరే, అది వాళ్ళ ఇంటి గోడ పడగొట్టినట్టే లెక్క. నాటినవాడే పీకాలి. అల్జియా అక్క ఏం చేసిందయ్యా అంటే, తన మట్టలు తీసుకెళ్ళి, మా దడి వెనకాల, తన పాత గీత మీదే తన దడి నాటుకుంది. ఏ చేపా రాని చోట! ఆపైన రోజూ పొద్దున్నే వెళ్ళి బుట్టలెత్తుతుంది, ఖాళీ బుట్టలు మళ్ళీ దించొస్తుంది. రేవులో ఒకటే నవ్వులు. "అల్జియా ఏం పట్టావు ఇవాళ, నీళ్ళా?" అని ఒకడు. "ఉప్పు పట్టాను, మీ నోళ్ళు చప్పబడ్డాయని" అని ఈవిడ. నోరు మాత్రం తగ్గదు. వంటింట్లోకెళ్ళి చూస్తే బార్లీ రొట్టె, నూనె, అంతే.

మ్యాపు పడవ వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంటికెళ్ళాను. వాకిట్లో కూర్చుని బుట్ట మూతి బిగిస్తోంది.

"అక్కా, ఇలాగే ఉంటే ఆ చచ్చిన చోటే నీదని మ్యాపులో పడిపోతుంది. ఇంక జన్మలో చేప చూడవు. హాజీ షాబాన్ దగ్గరికి పద, కొలిపించమందాం. నా మొగుడని నేనేం వెనకేసుకు రాను."

"వద్దులే."

"ఎందుకొద్దు? భయమా ఆయనంటే?"

"కొలిపించడమంటే ఏం చేస్తారే?" అంది తలెత్తకుండా.

"ఏం చేస్తారు, అందర్నీ హద్దు బండ దగ్గరికి తీసుకెళ్తారు. నాటినవాణ్ణి నీ గుర్తు చెట్టేదో చూపించరా అంటారు."

"అందరి ముందూ కదా?"

"అందరి ముందే. అయితే?"

బుట్ట పక్కన పెట్టింది. "మొన్న గోడ మీద నీ ఎర్ర దుప్పటి ఆరేశావు గుర్తుందా? నేను ఇక్కణ్ణించి చూస్తూనే ఉన్నాను. మీ ఆయన రేవు నించి వస్తూ దాని ముందు ఆగాడు. ఆగి, 'ఎండలో ఏం చేస్తున్నావే, లోపలికి పో' అన్నాడు."

నాకు ముందు నవ్వొచ్చింది. ఫక్కున నవ్వేశాను కూడా. ఆవిడ నవ్వలేదు. నా నవ్వు మధ్యలో ఆగిపోయింది. పగిలిన గ్లాసు, మెట్టు దగ్గర తడుముకునే కాలు, చేపలో ముల్లు నన్ను తియ్యమనడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. వయసొచ్చి గారాలు పోతున్నాడనుకున్నాను నేను. అల్లా! ఒకే మంచం మీద పడుకునే మనిషిని, నాకు తెలియలేదు.

"ఎన్నాళ్ళైంది అక్కా?"

"నాకేం తెలుసు? పోయినేడాదే చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఈ ఏడు పచ్చ చెట్టుని పట్టుకున్నాడు. మోడు కనపడి ఉండదు." నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి గరుకుగా, చల్లగా ఉంది. "రాయిస్‌వి నీ చెట్టేదిరా అని పదిమందిలో అడిగితే వాడేం చెప్తాడు సాల్హా? ఊరంతా నన్ను నవ్వుతుంటే, నడుంలోతు నీళ్ళలో నా పక్కన నిలబడ్డాడు వాడు. వాణ్ణి నేను పడవ మీద నిలబెట్టి అడిగించనా?"

"అయితే నీ చేను?"

"ఏదో చూద్దాంలే" అంది.

చూడ్డానికి ఏముంది? నేను ఏడుస్తూ ఇంటికొచ్చాను. మా ఆయన వాకిట్లో కూర్చుని వలతాడు ముడి విప్పుతున్నాడు, కళ్ళు ఎక్కడో, వేళ్ళు ఎక్కడో. అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన దాచుకున్నది నేను లాగి బయటెయ్యడమా అనిపించింది. వంట చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నజీహా పడవ రేవులోకి వచ్చింది. కాఫీ కొట్టు ముందు జనం. హాజీ షాబాన్ మధ్యలో కుర్చీ వేసుకున్నాడు. ముందు ఆయనే ఎత్తాడు మాట. "అమ్మాయి దడులు చూడ్డానికి వెళ్తోంది. ఫ్రేజ్ దడి, అల్జియా దడి ఒకదాని మీదొకటి పడున్నాయని నాకూ కనపడుతోంది. మనలో మనకి తేల్చుకోవాల్సిందేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత ఏడిస్తే లాభం లేదు."

మా ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

అల్జియా అక్క ముందుకొచ్చింది. తలమీద ముసుగు సర్దుకుని, "తప్పు నాది" అంది.

"నీదా?"

"నాదే హాజీ. మోడు పడిపోయిందనుకున్నాను. ఈ ఏటి నించి పచ్చ చెట్టే గుర్తు అని నేనే ఫ్రేజ్‌కి చెప్పాను. వదిన చెప్పింది కదా అని పాపం నమ్మి నాటాడు. నాకు గీత సరిగ్గా తెలియదు. ఎన్నేళ్ళు నాటినా ఆడదాన్నే కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నేళ్ళు! మోకాళ్ళు అరగదీసుకుని, ఈ మగాళ్ళ నోళ్ళు మూయించి తెచ్చుకున్న పేరు అది. దాన్ని తీసుకెళ్ళి రేవులో పారేసింది. వాళ్ళు ఊరుకుంటారా? ఒకటే నవ్వులు. "మేం అప్పుడే చెప్పాంగా, ఆడది నీళ్ళలో దిగితే ఇలాగే ఏడుస్తుంది!" "ఇంట్లో కూర్చుని బుట్టలల్లుకోవే!" హాజీ కూడా గడ్డం నిమురుకుంటూ, "సరే, ఒప్పుకుంది. ఇంక నీ దయ ఫ్రేజ్. పీకి మళ్ళీ నాటుతావో, ఉంచుతావో. ఉంచినా ఎవరూ నిన్ననరు" అన్నాడు.

ఇంతకంటే సులువైన దారి ఎవరికి దొరుకుతుంది? సరేలే పీకుతాను అంటే చాలు. పెద్దమనసు అంటారు. రాయిస్ రాయిస్‌గానే ఉంటాడు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నేనూ అదే కోరుకున్నాను. అను, ఆ ఒక్కమాట అనేసి ఇంటికి రా అని లోపల్లోపల మొక్కుకున్నాను.

ఆయన గోడ వదిలి రెండడుగులు వేశాడు. కుర్చీ కాలు తగిలింది, తమాయించుకున్నాడు.

"వదిన నాకేం చెప్పలేదు" అన్నాడు.

"ఫ్రేజ్, ఊరుకో" అంది అల్జియా అక్క.

"నువ్వూరుకో వదినా. ఆవిడకి గీత తెలియదట! మీలో ఎవడి గీతైనా వచ్చి చూడండి, ఆవిడంత తిన్నగా ఉందేమో. ఆవిడ దడి ఉండాల్సిన చోటే ఉంది. నాదే తప్పింది." ఆగాడు. "నాకు మోడు కనపడలేదు. పచ్చదీ సరిగ్గా కనపడలేదు. ఒడ్డే మసకగా ఉంటోంది నాకు. హాజీ, నువ్వు ఏ వైపు కూర్చున్నావో నీ గొంతుని బట్టి తెలిసింది."

నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. హాజీ షాబాన్ లేచి, తన కుర్చీ తెచ్చి మా ఆయన వెనక వేశాడు. ఆయన కూర్చోలేదు. "మట్టలు పీకాలి. ఎవరైనా పడవ తియ్యండి. నేను తియ్యను ఇంక" అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. జీవితంలో ఇంకొకడు నడిపిన పడవెక్కని మనిషి.

హాజీ కొడుకు పడవ తీశాడు. మేమూ ఎక్కాం. నజీహా తన పడవలో వెనక వచ్చి, మధ్యాహ్నం దాకా ఆగుతానంది. మా ఆయన నీళ్ళలో దిగి, తడుముకుంటూ ఒక్కో మట్టా పీకాడు. అల్జియా అక్క పట్టుకుని పడవలో వేసింది. దారి తెరుచుకోగానే నీళ్ళు ఆవిడ దడి వైపు మెల్లగా కదిలాయి. మట్టల ఆకులు అటు వంగడం నేను చూశాను.

పీకడం అయ్యాక ఆయన ఒడ్డుకేసి మొహం తిప్పి నిలబడ్డాడు. "పదండి పోదాం. ఈ చేను ఇంతే ఇంక. వదినా, నీ దాంట్లో కలిపేసుకో. అమ్మాయికి అలాగే చెప్పు."

ఆ చేనే కదా మాకూ తిండి! అయినా ఏమంటాను, నాటలేని మనిషిని నాటమంటానా?

అల్జియా అక్క బట్టలు తడిసి కాళ్ళకి చుట్టుకుపోయి ఉన్నాయి. నడుం మీద చేతులేసుకుని పడవలో ఉన్న నా వైపు చూసింది. "ఏమే, పెళ్ళికొచ్చినట్టు అలా కూర్చున్నావు? దిగు."

"నేనా?"

"మరి నేనా? నా దడి నాకుంది. ఫ్రేజ్‌కి చేతులు బాగానే ఉన్నాయి. నీకు కళ్ళున్నాయి, ఎప్పుడూ ఊళ్ళో అందరి కొంపల్లోకీ చూస్తుంటాయి. ఆ మోడు కేసి చూడలేవా?"

"నాకు గీత తెలియదక్కా, నీళ్ళంటే భయం నాకు..."

"నడుంలోతే. పొట్టిదానివి, నీకు కాస్త పైకొస్తుంది. దిగు!"

దిగాను. అమ్మో, ఆ చలి! బిస్మిల్లా అనడం కూడా మర్చిపోయి కెవ్వుమన్నాను. మా ఆయన చెయ్యి చాస్తే పట్టుకున్నాను. అల్జియా అక్క మా ఇద్దర్నీ అక్కడ వదిలేసి, బుట్టలు చూసుకోవాలని గొణుక్కుంటూ తన దడి వైపు వెళ్ళిపోయింది.

ఆయన గునపం అందుకున్నాడు. మొదటి మట్ట చంకలో పెట్టుకుని, పొడవడానికి సిద్ధంగా నిలబడి, చాలా మెల్లగా అడిగాడు.

"సాల్హా, మోడు కనపడుతోందా? గుమ్మటం దాని వెనక్కి వచ్చిందా?"

నాకు చెట్టూ లేదు, గుమ్మటమూ లేదు. అంతా నీళ్ళే.

"ఆగవయ్యా," అన్నాను, "ముందు కళ్ళు తుడుచుకోనీ."